మోకాలి దగ్గర వెలిసిన చీర మాట నాది

కార్తీకమాసం, రెండో సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఫిల్మ్ నగర్‌లో మా సినిమా ఆఫీసు మేడమీది గదిలో బట్టల గురించి మీటింగు జరుగుతోంది. నేను చెప్పిన మాటకు డైరెక్టరు గారు యంత్రాన్ని మెచ్చుకున్నారు.

నేను సినిమాల్లో కాస్ట్యూమ్స్ పని చేస్తాను. అంతకుముందు ఎర్రగడ్డలో కూరగాయలు అమ్మాను. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. ఏ సీనుకు ఎవరి బట్టలో రాసి చీటీ కట్టాలి. ప్రతిసారీ ఇంకొకరిని బతిమాలడం నాకు నచ్చలేదు.

ఆ ముందటి శనివారం, మా డిజైనరు దగ్గర పనిచేసే అమ్మాయి ఫోనులో ఏఐ చాట్‌బాట్‌ను అడిగింది. కొత్త సినిమాలో తల్లి కూరగాయలు అమ్ముతుంది, ఆమె చీర ఎలా ఉండాలి అని. అక్కడక్కడ చింపండి, మసి పూయండి అని అది చెప్పింది. నాకు నవ్వొచ్చింది.

"గిదేంది బిడ్డా? మసి పూసుకొని కూసుంటే ఆమె దగ్గర టమాట ఎవరు కొంటరు?"

"అయితే మీరే చెప్పండమ్మా దానికి," అని ఫోను నా చేతిలో పెట్టింది.

ఒక్క వేలితో కొట్టాను. అరగంట పట్టింది. కూరగాయలమ్మే మనిషి చీర చింపిరిగా ఉండదు, ఉతికి ఉతికి వెలిసి ఉంటుంది. కుడి మోకాలు పైకి పెట్టి కూర్చుంటుంది కాబట్టి ఎండ తగిలి ముందు అక్కడే రంగు పోతుంది. తడి ఆకుకూరలు పట్టిన చేతులు తుడుచుకుని కొంగు చివర పచ్చబడుతుంది. మడమకు రాసుకుని కింది అంచు పీచు లేస్తుంది. ఇదంతా రాశాను. చాలా మంచి వివరాలు అని అది మెచ్చుకుని, నా మాటలనే వరసగా పేర్చి ఇచ్చింది. అమ్మాయి ఆ పేర్చినదాన్ని ఫైల్లో పెట్టి, పైన 'ఏఐ సూచన' అని రాసింది.

సోమవారం డైరెక్టరు గారు అదే చదివారు. "అబ్బ, ఏం చెప్పిందండీ ఈ ఏఐ! మోకాలి దగ్గర వెలిసిపోవాలట. మనలో ఒక్కరికైనా తట్టిందా?"

అమ్మాయి తల వంచుకుంది. పెద్దవాళ్ళ మధ్య నోరు తెరవడానికి ఆ పిల్లకు భయం. నాకు లేదు.

"గది చెప్పలే సార్. నేను చెప్పిన."

డిజైనరు నవ్వింది. "దానికి తెలియనిదేముందమ్మా? మీరు చెప్పకపోయినా చెప్పేదేమో."

"ముందుగాల ఏం చెప్పిందో జర పైకి జరిపి చూడుండ్రి మేడం."

అమ్మాయి ఫోను తీసి, శనివారం నాటి మాటలు పైకి జరిపి చూపించింది. ముందు మసి. తర్వాత నా రాత. ఆ తర్వాతే మోకాలు. డైరెక్టరు గారు నా రాత మొత్తం పైకి చదివారు. నేను రాసింది అలా నలుగురిలో ఎవరైనా చదవడం అదే మొదటిసారి. ఒళ్ళు పొంగింది, దాచుకోను.

"మన అమ్మ యంత్రానికి పంతులమ్మ అయింది పో!" అన్నాడు టైలర్ మాస్టరు.

డిజైనరు వదల్లేదు. "రేపు అది ఇంకెవరికో ఈ మాటే చెబుతుంది. అప్పుడూ మీ పేరు చెప్పాలా?"

మనం ఒప్పుకుంటే కంపెనీ వాళ్ళు మన మాటలతో దానికి నేర్పుకోవచ్చట, నేర్పారో లేదో మాత్రం మనకు తెలియదు అని అమ్మాయి మెల్లగా చెప్పింది.

"నేర్చుకోనీ, నేను దాసుకుంటలేను," అన్నాను. "గని చెప్పినోళ్ళు ఉన్నరని ఒప్పుకోవాలె. మన సినిమాకు గంతమంది పేర్లు ఎందుకేస్తున్నరు సార్? ఎవరు చదువుతరు?"

నేను చదువుతాను. అక్షరాలు వచ్చినప్పటి నుంచి, చివర పరుగెత్తే పేర్లు అయిపోయేదాకా హాల్లోంచి లేవను. లక్షల మంది చెప్పిన మాటలు కలిసిపోయిన చోట ఒక్కొక్కరి పేరు తీయలేరని నాకూ తెలుసు. ఈ ఒక్క కాగితం మీద తీయగలరు కదా!

మోకాలి సంగతి కూడా నా బుర్రలో పుట్టింది కాదు. ఎర్రగడ్డలో నా పక్కన కూర్చున్న పెద్దవాళ్ళ చీరలు చూసి తెలిసింది. ఆ మాటా అక్కడే చెప్పాను.

డైరెక్టరు గారు 'ఏఐ సూచన' కొట్టేసి పెన్ను నాకిచ్చారు. "మీరే రాయండమ్మా."

నా పేరు రాశాను. కింద 'ఎర్రగడ్డ కూరగాయల అమ్మలు' అని రాశాను.

సినిమా చివర వేసినట్టు, ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళెవరో కూడా ఇక్కడ రాయాలి. వాళ్ళను అడగలేదు కాబట్టి పేర్లు పెట్టను. డైరెక్టరు గారు, డిజైనరు, ఆమె దగ్గరి అమ్మాయి, టైలర్ మాస్టరు, నేను.