క్యాసెట్లో ఆట రాసిచ్చిన పేట అన్న

సూర్యాపేట అన్న పోయాడని సోమవారం పొద్దున కోదాడ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, పెద్దాయన వెళ్లిపోయాడు. నిద్రలోనే అంట," అన్నాడు. సరే అని పెట్టేశాను. ఆ సరే ఏమిటో నాకే తెలియదు. ఈ వయసులో పొద్దున్నే మోగే ఫోన్లంటే విసుగు పుట్టింది. ఏడవడానికైనా ఓపిక ఉండాలి గదా.

ఆయన నాకు చుట్టం కాదు. మా ముగ్గురినీ కలిపింది ఒక మిషన్. టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే రోజుల్లో హైదరాబాద్ కంపెనీ ఒకటి మూడు ఊళ్లలో మూడు ఎలక్ట్రానిక్ దుకాణాలు చూసి తలా ఒక మిషన్ పెట్టింది. పేటలో ఆయనకు, కోదాడలో తమ్ముడికి, మిర్యాలగూడలో నాకు. పిల్లలు ఒక ఖాళీ క్యాసెట్ కొనుక్కుని, గోడ మీది పట్టీలో ఉన్న నలభై ఆటల్లో ఏది కావాలో నంబర్ చెప్పాలి. క్యాసెట్ మిషన్లో పెట్టి మీట నొక్కితే, చాయ్ తాగేలోపు ఆట అందులోకి ఎక్కేది. ఆడి ఆడి మొహం మొత్తితే మళ్లీ తెచ్చి, పాతది చెరిపించి ఇంకోటి రాయించుకోవచ్చు. "ఒక్కసారి కొంటే చాలు, ఎన్నేండ్లయినా ఆటలు మార్చిస్తం" అని చెప్పమంది కంపెనీ. ముగ్గురం ఆ మాటే చెప్పి క్యాసెట్లు అమ్మాం.

పేట అన్నకు ఒక అలవాటు. మీట నొక్కే ముందు మూడుసార్లు అడిగేవాడు. "పాతది పోతది బిడ్డా, చెరపమంటవా?" పిల్లవాడు ఊ అంటాడు. "మల్ల కావాల్నంటే గింతసేపు పడ్తది, చెరపమంటవా?" మళ్లీ ఊ. అప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఆఖరుసారి అడుగుతున్న" అనేవాడు. వెనక వరస బజారు దాకా పెరిగేది. మేం ఆటపట్టిస్తే, "పిలగాడు ఎన్ని దినాలు కూసోని గెలిచిండో మనకేమెరుక తమ్మీ," అనేవాడు.

మా ఊళ్లో నా మిషన్‌కు వేరే తిప్పలు. రైస్ మిల్లుల ఊరు, ఏ వస్తువు మీద చూసినా తవుడు దుమ్మే. క్యాసెట్ పెట్టే సందులో దుమ్ము చేరి మిషన్ మొరాయిస్తే ఆయన బస్సెక్కి వచ్చి, పెయింట్ బ్రష్‌తో గంటసేపు దులిపి, "మీద బట్ట కప్పు తమ్మీ," అని చెప్పి పోయాడు. నేను మా ఆవిడతో రగ్గు గుడ్డతో తొడుగు కుట్టించి, మిషన్ నడుస్తున్నా తీయకుండా ఉంచాను. వారం తిరక్కుండానే ఉడికిపోయి పొగలొచ్చాయి. ఆయన మళ్లీ వచ్చాడు. తొడుగు పట్టుకుని చూసి చాలాసేపు నవ్వాడు. "సలికాలం గూడ కాదాయె!" అన్నాడు. తిట్టలేదు, విప్పి బాగు చేశాడు.

రెండేళ్లకు కంపెనీ చేతులెత్తేసింది. మిషన్లు వాపస్ పంపమని ఉత్తరం వచ్చింది. కోదాడ తమ్ముడు పంపేశాడు. నేనూ పంపేశాను. నిజం చెప్పాలంటే పీడ పోయిందనుకున్నాను. క్యాసెట్లు పట్టుకుని వచ్చిన పిల్లలతో, "ఖతం. ఇగ రావు. కావాల్నంటే పేటకు పోండ్రి," అన్నాను. కొందరు అక్కడే నిలబడి ఏడ్చారు. నేను లోపలికి వెళ్లి కూర్చున్నాను.

పేట అన్న మాత్రం కంపెనీవాళ్లతో మాట్లాడుకుని మిషన్ తనే ఉంచుకున్నాడు. కొత్త ఆటలు రావు, ఆ నలభయ్యే. ఎందుకన్నా ఈ తలనొప్పి అని ఫోన్లో అడిగితే, "నేను మాటిచ్చింది కంపెనీకి గాదు గద," అన్నాడు. ఆ మాట నాకు తగిలింది. పిల్లల్ని వెళ్లగొట్టిన సంగతి ఆయనకు చెప్పి, తప్పయిందని ఒప్పుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. సిగ్గేసి పేటకు పోవడమే తగ్గించాను. ఇప్పుడు పేటకు పోయాను, చెప్పడానికి ఆయన లేడు.

అంత్యక్రియలయ్యాక రోడ్డు మీదికి వస్తుంటే నలభై ఏళ్ల మనిషి ఒకడు ఎదురొచ్చాడు. మిల్లు లారీ డ్రైవరట, మా ఊరే. నన్ను గుర్తుపట్టి, "ఏం సార్, మీ మిషన్ రిపేర్ అయిందా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. "మా నాయన లారీ పేట మీదికెళ్లి పోయేటప్పుడు మా గల్లీ క్యాసెట్లన్ని సంచిల ఏసి పంపేటోళ్లం. ఆ పెద్దాయన ఆట రాయకుంట, 'చెరపమంటవా?' అని చిట్టీ పెట్టి వాపస్ పంపేటోడు. మూడు చిట్టీలైతేగాని ఆట రాకపోయేది. మిర్యాలగూడ షాపేమైందని మా నాయన అడిగితే, 'మా తమ్ముని మిషన్ రిపేర్ల ఉన్నది, తన గిరాకీని సూస్కొమ్మని ఫోన్ చేసిండు' అన్నడంట. తొమ్మిదేండ్లు అదే ముచ్చట."

నేను ఏనాడూ ఫోన్ చేయలేదు. నేను పిల్లల్ని వెళ్లగొట్టిన సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసన్నమాట. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఇంటికి పోలేననిపించింది.

"రిపేర్ లేదు ఏం లేదు బిడ్డా," అన్నాను. "మిషన్ నేనే వాపస్ పంపిన. ఆయనకు ఫోన్ గూడ చెయ్యలే."

"ఎరుకే సార్," అన్నాడు. "తొమ్మిదేండ్లు రిపేర్ల ఉండే మిషన్ యాడన్న ఉంటదా? ఆయన మిమ్మల్ని తక్కువ కానియ్యలే. ఆయన మాట మనమెందుకు తక్కువ చెయ్యాలని ఊకున్నం."

ఊరికి తన లారీలోనే రమ్మని చెయ్యి అందించాడు. ఎక్కి కూర్చున్నాను. దారిలో ముందు పోతున్న వడ్ల లారీ టార్పాలిన్ ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. చెబుదామని ఇతను హారన్ కొడుతూనే ఉన్నాడు. ముందు డ్రైవర్‌కు వినపడినట్టు లేదు.