మా మేనత్తకు దక్కిన పొయ్యి

మా నాయన కిషన్‌బాగ్‌లో ఒక చిన్న గుడి అర్చకుడు. దేవుడి నైవేద్యం మా ఇంట్లోనే, వేరే గదిలో, వేరే పొయ్యి మీద వండేవారు. ముట్లుడిగిన ఆడది తప్ప వేరే ఆడది ఆ గడప దాటరాదని కట్టడి. యాభై దాటాక నాయనకు అక్క అయిన మా మేనత్తకు ఆ గరిటె దక్కింది. ఎంత సంబరమో! నెలకు మూడు రోజులు మూలన కూర్చోబెట్టిన ఇంట్లో ఆమెకంటూ ఒక చోటు దొరికింది మరి. పులిహోరలో పులుపెక్కువైందని ఎవరైనా అంటే, "తింటె తిను, లేకుంటె పో" అని మీద పడేది.

ఆ వయసులోనే ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయి. పొయ్యి ముందు నిలబడితే చెమటతో చీర తడిసిపోయేది. ప్రపంచ యుద్ధం రోజులవి. తెల్లదొరల సీమ నుంచి కొత్త మాత్రలు వచ్చాయని చెప్పి, మాకు తెలిసిన కాంపౌండరు ఒక సీసా ఇచ్చాడు. ఆవిర్లు మాయమయ్యాయి. సీసా అయిపోయినప్పుడల్లా మేనత్త ఇంకోటి తెప్పించుకునేది.

కొన్ని నెలలకు ఆమె పెరటి బావి దగ్గర దొంగచాటుగా గుడ్డలు ఉతుక్కోవడం చూశాను. నాకప్పుడు పదహారేళ్ళు, నెలకు మూడు రోజులు నేనూ మూలన కూర్చునేదాన్నే. అవేం గుడ్డలో నాకు తెలియదా? పొత్తికడుపు కూడా గట్టిపడి ఎత్తుగా కనిపించింది.

"మళ్ళ బయట చేరిన బిడ్డా," అంది నా చేతులు పట్టుకుని. "మీ నాయనకు చెప్పకు. చెప్తె నన్ను పొయ్యి కాడికి రానియ్యరు. నా మీద ఒట్టు."

పదిహేను రోజులైనా రక్తం ఆగలేదు. గోడ పట్టుకుని నడుస్తూ కూడా నైవేద్యం వండింది. నాకు భయం వేసింది, ఒళ్ళూ మండింది. ప్రాణం పోతుంటే ఈమెకు పొయ్యి ఫికరేంది! ఒట్టు తీసి గట్టున పెట్టి నాయనకు చెప్పేశాను. ఆయన వెంటనే టాంగా పిలిచి ఆడవాళ్ళ జనానా దవాఖానాకు తీసుకెళ్ళాడు. దారి పొడుగునా మేనత్త నా ముఖం చూడలేదు.

రెండు రోజులు ఉంచుకుని పరీక్షలు చేశాక డాక్టరమ్మ చెప్పింది. "గర్భసంచి కండల గడ్డ ఉన్నది. చెడ్డది గాదు. ఇది ముట్టు గాదమ్మా. ముట్లు ఆగినంక గిసొంటి గడ్డ ఎండుకపోవాలె. మీ మాత్రలు దానికి మేత పెట్టినయి. బంద్ చెయ్యుండ్రి."

మాత్రలు మానేశాక రక్తం ఆగింది, గడ్డ మెల్లగా చిన్నదైంది. ఆవిర్లు మాత్రం తిరిగొచ్చాయి. అయినా మేనత్త ఆ గదిలోకి పోలేదు. గడప బయట కూర్చుని ఏడ్చింది. "మైలతోని వండిన తమ్మీ. దేవునికి ద్రోహం చేసిన."

"నువ్వు పెట్టినవు, ఆయన తిన్నడు. ఒక్కనాడన్న వద్దన్నడా?" అన్నాడు నాయన. "పాణం మీదికొచ్చినా నాకు చెప్పకపోతివి. తప్పు నీదా అక్కా, నిన్ను గంత భయపెట్టిన మాదా?"

మేనత్త కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, లోపలికి పోయి, గడప బయట నిలబడ్డ నన్ను చూసింది.

"ఏం చూస్తున్నవే? లోపలికొచ్చి బియ్యం కడుగు."

నేను నాయన వైపు చూశాను. ఆయన గడప ముందు నుంచి పక్కకు తప్పుకుని నాకు దారిచ్చాడు.