ఆరని రంగులు: ఫంజా దాకా ఒక శుక్రవారం

"మీరు చెప్పేదాకా ఈ బొమ్మల్ని ఎవరూ ముట్టుకోరు" అని మా ఫోర్‌మన్ ఒక డచ్ చిత్రకారుడికి మాట ఇచ్చాడు. తొంభైల మొదట్లో, ఒమాన్‌లో మస్కట్ శివారు ఘాలాలోని మా వడ్రంగి షెడ్డులో, నా ఎదుటే. ఆ మాట ఒక్క రోజు నిలవలేదు. ఇన్నేళ్ళకు ఈ ప్రయాణం రాయడానికి కారణం అదే.

ఆయన పేరు హెంక్. అరవై దాటాయి, చూపు మందగిస్తోంది. మస్కట్‌లో కూతురి దగ్గరికి వచ్చి నాలుగు నెలలుగా కొండలు వేస్తున్నాడు. చూపు ఉండగా వేసే చివరి బొమ్మలు ఇవే, వాటితో తన ఊళ్ళో ప్రదర్శన పెట్టాలి. కూతురి ఇంట్లో చోటు లేక పద్నాలుగు బొమ్మలు మా షెడ్డులో ఆరుతున్నాయి. వాటికి పెట్టెలు చేసే పని మాది.

శుక్రవారం ఉదయం ఐదున్నరకు కంపెనీ పికప్‌లో ఆయన్ని ఎక్కించుకుని నిజ్వా రోడ్డు పట్టాను. ఫంజాకు ముప్పావు గంట, దారిలో టీ వంద బైసలు. వంతెన దగ్గర కిందికి దిగితే వాగు, ఖర్జూర తోట, గుట్ట మీద పాత ఊరు. అక్కడ స్టాండు వేసి ముందు ఆకాశం మొదలుపెట్టాడు, కాన్వాసులో ముప్పాతిక దాకా. ఇక్కడ మబ్బే లేదు కదా అన్నాను. తమ దేశంలో నేలంతా చదును కాబట్టి నలభై ఏళ్ళు మబ్బులే వేశాననీ, ఇక్కడి ఖాళీ ఆకాశం చూసి మొదట భయపడ్డాననీ చెప్పాడు. ఆ ఖాళీలోనే తెలుపు, పసుపు, బూడిద ఒకదాని మీద ఒకటి మందంగా పూశాడు. ఆరడానికి నెల పైనే పడుతుందట. తొందరున్నవాళ్ళు నీటిరంగులు వేసుకోవాలని నవ్వాడు.

ఎండ ముదిరాక పదకొండుకు తిరిగొచ్చాం. షెడ్డులో పద్నాలుగు బొమ్మలకూ పాలిథిన్ బిగించి చుట్టి, టేపు వేసి, పెట్టెల్లో పెట్టేశారు. ఫార్మికా తలుపులకు మేం చేసే పద్ధతే అది. ఆ వేడిలో ఒకటి విప్పితే ఆకాశమంతా పాలిథిన్‌కు అంటుకుని లేచొచ్చింది.

"చెయ్యి పెట్టి చూసిన, ఎండినట్టే ఉండె" అన్నాడు ఫోర్‌మన్.

"లోపల పచ్చిగ ఉంటదని నిన్ననే చెప్పిన గదా అన్నా" అన్నాను.

"నువ్వు పుస్తకాలు సదివినోనివి. రేపు ఈ పెట్టెల లోడు పోకుంటే ముదీర్ నన్నడుగుతడు, నిన్ను గాదు." ముదీర్ అంటే అక్కడి మాటలో మేనేజరు.

హెంక్ అరవలేదు. మిగతావి విప్పవద్దన్నాడు. ఫంజాలో వేసిన తడి బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, ఇక మళ్ళీ వేయలేనని మాత్రం నాతో అన్నాడు. ఆ ఒక్కదానితోనే దేశం వెళ్ళిపోయాడు.

ఫంజా వెళ్ళేవాళ్ళు ఎండెక్కకముందే చేరండి. ఎక్కడైనా నూనెరంగుల బొమ్మ కొంటే దాని ముఖానికి ప్లాస్టిక్ తగలనివ్వకండి. చుట్టిన పనివాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకు తలుపులే తెలుసు. ముదీర్ భయం నాకూ ఉండేది. తెలియక జరిగిందని మాత్రం నాకు చెప్పవద్దు. నా మాటకు తల ఊపి, మేం ఊళ్ళో లేని పూట చూసి చుట్టించినవాడికి అన్నీ తెలుసు. ఆర్మూరు నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ లింగన్నకు తెలుసు.