బెత్తెడు ఖాళీ

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఊళ్లో గోడలెక్కిన బొమ్మల్లో సగానికి పైగా ఫ్రేములు కట్టే పటాలాయన చేతుల మీదుగా వెళ్లినవే. అన్ని బొమ్మలు తాకిన మనిషి ఒక్క బొమ్మనీ తీరిగ్గా చూసి ఎరుగడు. ఆయన కళ్లెప్పుడూ అంచుల మీదే ఉండేవి. కాగితం మూలలు తిన్నగా ఉన్నాయా, అట్ట వంగిందా, బద్ద ఎక్కడ కోయాలి, మేకు ఎక్కడ దిగాలి, అంతవరకే. "మా అమ్మాయి ఫొటో అయిందా?" అని ఎవరైనా అడిగితే తెల్లమొహం వేసేవాడు. "ఏ అమ్మాయండీ? ఎనిమిది పదా, పన్నెండు పదహారా?" అని ఎదురడిగేవాడు. కొలత చెబితే చాలు, అరల్లోంచి చటుక్కున లాగి ఇచ్చేవాడు.

షాపు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎడమ గోడకు ఫ్రేము బద్దలు చేరగిలబడి ఉంటాయి. కుడి గోడ పొడవునా బల్ల. బల్ల చివర మూలలు కోసే రంపం. నేల మీద చెప్పుల్లేకుండా ఎవరూ అడుగు పెట్టరు, అద్దం పెంకులు ఎక్కడున్నాయో పైవాడికే తెలియాలి. ముందు కౌంటరు దగ్గర కూతురు కూర్చుంటుంది. పెళ్లై ఇద్దరు పిల్లలున్నా నాన్నను అదిలించే హక్కు మాత్రం వదులుకోలేదు. ఆర్డర్లు రాసేదీ, మొండివాళ్లను ఒప్పించేదీ ఆమే.

అలాంటి మనిషి ఈ వయసులో బొమ్మల పాఠాలకు వెళ్లడం మొదలుపెట్టాడంటే ఇంట్లోవాళ్లు నమ్మలేదు. జరిగింది చిన్న విషయమే. లైబ్రరీ మేడ మీద గదిలో మేకులు కొట్టడానికి వెళ్లాడు. పక్క గదిలో ఒక టీచరు పదిమందికి ఒక బొమ్మ చూపించి, ఇందులో మీ కన్ను ముందు ఎక్కడికి పోయింది, అక్కణ్ణించి ఎటు నడిచింది అని అడుగుతోంది. బొమ్మలో కన్ను నడవడమేమిటని పటాలాయన సుత్తి పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. పై శనివారం నుంచి సాయంత్రం నాలుగింటికి చొక్కా మార్చుకుని మరీ వెళ్లడం మొదలుపెట్టాడు.

టీచరు పద్ధతి వేరు. మొదటి రోజే 'బాగుంది', 'బాలేదు' అనే మాటలు గుమ్మం బయట వదిలి రమ్మంది. బొమ్మ ముందు నిలబడితే మొదట కనిపించేది చెప్పాలి. తర్వాత ఏది ఎక్కడుంది, ఏది బరువుగా ఉంది, ఏది తేలిగ్గా ఉంది చూడాలి. ఆ తర్వాతే అదేం చెబుతోందో ఆలోచించాలి. మంచీ చెడ్డా అన్నిటికన్నా ఆఖరున. పటాలాయనకు ఇది బాగా నచ్చింది. కనిపించేది చెప్పడంలో ఆయన్ను మించినవాళ్లు లేరు. సముద్రం బొమ్మ పెడితే, నీళ్ల గీత కుడివైపు నూలుపోగంత దిగిందని చెప్పాడు. టీచరు స్కేలు పెట్టి చూసి నోరు తెరిచింది.

చరిత్ర కూడా చెప్పేదామె. ఒకప్పుడు బొమ్మలు గోడల మీదే ఉండేవట. గోడ దిగి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాక వాటికి చుట్టూ ఒక గట్టు కావలసి వచ్చిందట. తన వృత్తికి అంత చరిత్ర ఉందని పటాలాయన ఆ రోజే విన్నాడు. ఇంటికెళ్లి భార్యకూ కూతురికీ రెండుసార్లు చెప్పాడు. మరో శనివారం, పూర్వం పెద్ద పెద్ద బొమ్మల్ని రెండు తలుపుల మధ్య పట్టించడానికి నిక్షేపంగా కోసేసిన సంగతి చెప్పింది. ఎవరో ఆ మహానుభావుడు అని క్లాసంతా నవ్వింది. పటాలాయనా నవ్వాడు. నవ్వాక ఎందుకో కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఎందుకో ఆ పై శనివారం తెలిసింది.

లైబ్రరీకి యాభై ఏళ్లు నిండుతున్నాయని చిన్న పుస్తకం వేస్తున్నారు. మెట్ల మలుపులో వేలాడే నీటిరంగుల బొమ్మ గురించి టీచరు అందులో నాలుగు పేజీలు రాసింది. మంగళవారం ప్రెస్సుకు పోతుంది, ముందు మీకు చదివి వినిపిస్తానంది. బొమ్మలో ఒకావిడ బల్ల ముందు కూర్చుని ఎడమవైపు తిరిగి, ఒక కవరును ముక్కు దాకా ఎత్తి పట్టుకుని ఉంటుంది. ఆ కవరుకూ ఫ్రేముకూ మధ్య వేలు కూడా దూరదు.

బొమ్మలో మనిషి ఎటు చూస్తే అటు కాస్త ఖాళీ వదలడం మామూలు పద్ధతి అని టీచరు చదివింది. చూపు నడవడానికి చోటుండాలి కదా. ఈ చిత్రకారిణి మాత్రం ధైర్యంగా ఆ చోటును ఎగరగొట్టేసింది. ముందు దారి మూసుకుపోయిన మనిషిని, ఉత్తరం విప్పడానికి కూడా భయపడే మనిషిని మన ముందు పెట్టింది. వెనక బోలెడు చోటు, ఎదర గోడ. ఆ ఊపిరాడనితనమే ఈ బొమ్మకు ప్రాణం.

క్లాసులో అందరూ తలలూపారు. పటాలాయన మాత్రం ఊపలేదు. ఆ ఊపిరాడకుండా చేసింది తనే.

పదిహేడేళ్ల కిందటి మాట. బొమ్మ వేసినావిడ అప్పుడు పోస్టాఫీసులో పనిచేసేది. మర్నాడు పొద్దున్నే ఆఫీసులో సభ, ఈ రాత్రికల్లా కట్టివ్వమని కాగితం ఇచ్చి వెళ్లింది. కాగితం ఇరవై మూడు అంగుళాలు. షాపులో మిగిలిన అద్దం ఇరవై. అద్దాల బండి రెండు రోజుల దాకా రాదు. పటాలాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుడివైపు బీరువా ఉంది, సంచులున్నాయి. ఎడమవైపు లేత పసుపు పూత తప్ప ఏమీ లేదు. ఏమీ లేనిది కోస్తే ఏం పోతుంది? ఎలాగూ ఫ్రేము చుట్టూ పావంగుళం తింటుంది, ఇంకాస్త ఎక్కువ తిన్నదనుకుంటే సరి. ఉక్కు స్కేలు పెట్టి బ్లేడుతో బెత్తెడు మేర తీసేశాడు. ఆ వృత్తిలో అందరూ చేసే పనే. మర్నాటికి మర్చిపోయాడు కూడా.

ఇంటికొచ్చి కూతురికి చెప్పాడు. ఆమె లెక్క ఆమెది.

"ఇప్పుడు నోరు విప్పావంటే, ఈయన బొమ్మలు కోస్తాడట అని ఊరంతా చెప్పుకుంటారు. మనకు మిగిలింది ఆ మంచిపేరొక్కటే. అయినా నాన్నా, వేసినావిడే పదిహేడేళ్లుగా పల్లెత్తు మాట అనలేదు. మధ్యలో నీకెందుకు దురద?"

మంచిపేరు సంగతి ఆయనకూ తెలుసు. ఊళ్లో అందరూ తమ చనిపోయినవాళ్ల ఒక్కగానొక్క ఫొటోను కూడా నమ్మి ఇచ్చేది ఆయనకే. కానీ కూతురి మాటల్లో ఒకటి ముల్లులా గుచ్చుకుంది. అవును, ఆవిడ ఎందుకు అనలేదు? గమనించలేదా? గమనించి ఊరుకుందా? ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్లాడు.

పోస్టాఫీసు ఆవిడ ఇప్పుడు రిటైరైంది. భోజనాల బల్లలో సగం రంగులకూ, సగం కంచాలకూ కేటాయించుకుంది. పటాలాయన కుర్చీ అంచున కూర్చుని మొత్తం చెప్పాడు. ఆవిడ కుంచె కడుక్కుంటూ వింది.

"తీసుకున్న రోజే చూశాను మేస్త్రిగారూ. మీ మొహాన కొట్టేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ అరగంటలో సభ. అక్కడ అందరూ మెచ్చుకున్నారు, లైబ్రరీకి ఇమ్మన్నారు. నేను నోరు తెరిచి బెత్తెడు పోయిందని చెబితే, ఉన్నది మానేసి లేనిదాన్నే వెతుకుతారు. అందుకని ఊరుకున్నాను. ఆ తర్వాత మీకిచ్చే ప్రతి కాగితానికీ నాలుగు వైపులా బెత్తెడు తెల్లగా వదిలాను. మీరు కోసుకోవడానికి."

పటాలాయనకు ఆ కాగితాలు గుర్తున్నాయి. ఈవిడకు ఇన్నాళ్లకు మా పని తెలిసొచ్చింది, చక్కగా అంచు వదులుతోంది అని కూతురితో మెచ్చుకోలుగా అనేవాడు. ఇప్పుడు నవ్వాలో తల దించుకోవాలో తెలియలేదు. టీచరు రాసిన నాలుగు పేజీల సారం చెప్పాడు. ఆవిడ కుంచె పక్కన పెట్టేసింది.

"ఊపిరాడట్లేదా? అయ్యో, నేను వేసింది మా ఉత్తరాల సార్టింగు గదండీ. ఎడమవైపు కిటికీ. కిటికీ వేయలేదు, దాని వెలుగు మాత్రం వేశాను. ఆ పసుపు అదే."

అంటే తను ఏమీ లేదనుకుని కోసిపారేసింది కిటికీ వెలుగన్నమాట. మీరే వచ్చి టీచరుకు చెప్పండని బతిమాలాడు. ఆవిడ ససేమిరా అంది. వేయడం వరకే తన పని, కోసినవాళ్లే వెళ్లి చెప్పుకోవాలంది.

సోమవారం మధ్యాహ్నం పటాలాయన చేతిసంచీలో పట్టకారు, స్క్రూడ్రైవరు, మూడంగుళాల లేత పసుపు అట్టముక్క పెట్టుకుని లైబ్రరీకి వెళ్లాడు. కూతురు సంచీ చూసింది, ఆయన మొహం చూసింది, పెదవి విరిచి రసీదు పుస్తకంలో తల దూర్చేసింది.

టీచరు ప్రూఫులు దిద్దుతోంది. ఆయన నిలబడే చెప్పాడు. ఆమె ఎర్ర పెన్ను అలాగే గాల్లో ఆగిపోయింది. అంతా విని, ఒకే ఒక్క మాట అడిగింది.

"శనివారం నేను చదువుతుంటే అక్కడే కూర్చున్నారుగా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు బాగా చదువుతున్నారు మేడమ్. వింటుంటే నిజమేననిపించింది."

ఆమెకు కోపం వచ్చినట్టే ఉంది. నాలుగు పేజీలకు మూడు వారాలు పట్టిందట. ప్రెస్సువాళ్లు రేపు పొద్దున పదింటికల్లా వస్తారట. అయినా లేచి మెట్ల దాకా నడిచింది. పటాలాయన బొమ్మ దించి, బల్ల మీద బోర్లా పెట్టి, మేకులు ఒక్కొక్కటీ పీకి, అట్ట తీసి, కాగితాన్ని బయటికి తీశాడు. మూడు వైపులా సన్నని తెల్ల అంచు ఉంది. ఎడమవైపు లేదు, రంగు కోత దాకా వచ్చి తటాలున ఆగిపోయింది. టీచరు ఆ కోత మీద వేలితో రాసి చూసింది. ఇన్నేళ్లుగా తను ధైర్యం అనుకున్నది వేలికి తగిలింది. ఆయన పసుపు అట్టముక్కను పక్కన ఆనించాడు.

ఆమె అట్టముక్కను తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. తర్వాత కుర్చీ లాక్కుని, మీరే చెప్పండంది.

పటాలాయన మొదట అలవాటుగా అంచుల దగ్గర ఆగాడు. తర్వాత కళ్లు లోపలికి వెళ్లాయి. ముందు బొమ్మలో ఆవిడ వేళ్లు చూశాడు. కవరు మూలను పట్టుకున్న తీరు చూశాడు. కవరు మీద సిరా మరక ఉంది, తన షాపులో ఒక రాత్రంతా ఉన్న బొమ్మలో ఆ మరకను ఇప్పుడే చూడటం. కనుబొమలు ముడిపడి ఉన్నాయి గానీ అది ఏడుపు ముడి కాదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు తన భార్య మొహంలో పడే ముడి.

"వెలుగు లేకపోతే ఉత్తరానికి భయపడుతున్నట్టుంది మేడమ్. ఇది పెడితే కవరును వెలుగుకు పట్టి చూస్తోంది. తడిసిపోయిన అడ్రసు చదువుతోంది. ఎలాగైనా ఎవరికో చేర్చాలని. పని చేసుకుంటోందంతే."

టీచరు చాలాసేపు చూసింది. రెండూ నిలుస్తాయంది చివరికి. కోసిన బొమ్మ తను రాసిన మాటే చెబుతోంది, అది అబద్ధం కాదు. కాకపోతే ఆ మాట వేసినావిడది కాదు. మూడో పేజీ మొత్తం కొట్టేసి, వెనకవైపు కొత్తగా రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ తలెత్తింది. మీ ప్రస్తావన లేకుండా ఏదోలా సర్దుతానంది. పేరు పోతుందని కూతురు అన్న మాట ఆమెకు ఆయన చెప్పలేదు, ఆమే ఊహించింది.

పటాలాయన మేకులు ఏరి చిన్న డబ్బాలో వేసుకుంటున్నాడు. ఆ పని ఆపలేదు.

"ఫ్రేము కట్టినవాడు కోశాడనే రాయండి. ఎందుకు కోశాడో కూడా రాయండి, అద్దం చాల్లేదని. లేకపోతే రేపు ఇంకెవరో దానికీ ఒక అర్థం చెబుతారు."

టీచరు నవ్వేసి, ఆ మాట యథాతథంగా రాసుకుంది.

పుస్తకం వచ్చిన వారంలో ఇద్దరు తమ బొమ్మలు వెనక్కి పట్టుకెళ్లారు. ఒకాయన గుమ్మంలో నిలబడే, మా తాతగారి ఫొటోలో చేతికర్ర ఉంది, చూసుకోండి అని హెచ్చరించి మరీ ఇచ్చాడు. కూతురు రెండు రోజులు నాన్నతో ముభావంగా ఉంది. మూడో రోజు పెయింటరును పిలిచి బోర్డు రాయించింది: 'అద్దం వచ్చేదాకా ఆగగలవారే బొమ్మలు ఇవ్వగలరు.' బోర్డు గోడకూ కౌంటరుకూ మధ్య పట్టలేదు, రెండంగుళాలు ఎక్కువైంది. రంపం తెమ్మంటావా అని ఆమె నాన్నను అడిగింది. పటాలాయన బోర్డు వైపు కాసేపు చూసి, కౌంటరునే పక్కకు జరపమన్నాడు.