గాబ్రియేలు సారు వెతికే చేప

గాబ్రియేలు సారు పిసినారి అని మెదక్ చేపల మార్కెట్లో అనుకునే మాట అబద్ధం. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, కళ్లద్దాలు తుడుచుకొని, సముద్రపు చేపల పెట్టెల్లో ఐసు జరిపి ఒక్కొక్కటీ చూస్తారు. మళ్లీ మెల్లగా ఐసు కప్పి, ఏమీ కొనకుండా వెళ్లిపోతారు. ఆయన కూతురు ప్రిస్కిల్లా అండమాన్‌లో, వేట నిషేధించిన పగడపు దిబ్బల్లో మునిగి చిలుక చేపలను లెక్కపెట్టేది. పగడాల మీది పాచిని గీకి తిని దిబ్బను బతికించేది ఆ చేపలేనని ఫోన్లో మురిసిపోతూ చెప్పేది. నిరుడు ఆ నీళ్లలోనే పోయింది.

నిన్న చేపలమ్మే రాజమణి ఉండబట్టలేక అడిగేసింది: "ఐసు కరగబెట్టుడే గని కొనుడు లేదాయె. ఏం దేవులాడుతరో జర చెప్పుండ్రి సారూ."

"నా బిడ్డ లెక్కపెట్టిన చేపను, రాజమణీ. గీ పెట్టెల దొరకకుంటే, ఆడ బతికే ఉన్నట్టు గదా."