మీసం ఒక్కటే వెలిగింది

మొన్న ఆదివారం నేనేం చేశానో చెప్తాను, ముందు ఆ టీ కప్పు కింద పెట్టండి. లేకపోతే పొలమారుతుంది. మా టైపింగ్ సార్‌ను నలుగురిలో గొప్పగా నిలబెడదామని పోయి, ఆయన్ని దయ్యాన్ని చేసి కూర్చున్నాను!

నర్సింగరావు సార్ అబిడ్స్‌లో ఒక సందులో, రెండో అంతస్తులో, ఏళ్ల తరబడి టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఎంతమంది క్లర్కుల వేళ్లు ఆయన దిద్దినవో! నేనూ అక్కడే టైపు పరీక్షల్లో లోయర్ పాసయ్యాను. హయ్యర్ తప్పాను. సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

ఈమధ్య ఆయన ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. పాత స్టూడెంట్లమంతా కలిసి నాంపల్లిలో చిన్న హాలు మాట్లాడి సన్మానం పెట్టుకున్నాం. మా బ్యాచ్ శోభ వాట్సాప్ గ్రూపులో, "గేటు కాడ సార్ ఫోటోతోని ఫ్లెక్సీ కట్టిద్దాం" అంది. నా నోరు ఊరుకుంటుందా? నేను ఎల్ఈడీ బోర్డుల షాపులో పనిచేస్తాను కదా! "ఫ్లెక్సీ ఎవలు చూస్తరే? సార్ మొహం లైట్లల్ల మెరవాలె. నాకిడిసిపెట్టున్రి" అని మెసేజ్ కొట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఫ్లెక్సీ క్యాన్సిల్! ఇక గేటు దగ్గర సార్ మొహం కనబడాలంటే నేనే దిక్కు.

మా బోర్డేమో రంగుల టీవీ కాదు. మెడికల్ షాపుల మీద ఎర్రగా పరిగెత్తే అక్షరాలు చూశారే, అదే. ఒక్కో చుక్క వెలిగితే వెలుగుతుంది, లేదంటే లేదు. సగం వెలగడం దానికి రాదు. సార్ ఫోటో బ్లాక్ అండ్ వైటే గానీ, అందులో నలుపుకీ తెలుపుకీ మధ్య ఎన్ని బూడిద రంగులో! "ఏముందిలే, సగం కన్నా ముదురైతే నలుపు, లేతైతే తెలుపు" అని కంప్యూటర్‌కు చెప్పేసి చేతులు దులుపుకున్నాను.

సాయంత్రం గేటు దగ్గర బోర్డు బిగించి స్విచ్ వేశాను. సార్ లేరు! బట్టతల, నుదురు, బుగ్గలు, లేత రంగు కోటు, వెనక గోడ, అన్నీ కలిసి ఒకటే ఎర్రటి వెలుగు. మధ్యలో కళ్లద్దాలు, మీసం మాత్రం నల్లగా ఉన్నాయి.

శోభ పూలదండలు పట్టుకుని వచ్చింది. "బోర్డు మీద సార్ ఏడ ఉన్నరే?"

"ఉన్నరు, జర ఆగు!"

కంగారులో పక్కనున్న ల్యాప్‌టాప్‌లో నలుపును తెలుపు, తెలుపును నలుపు చేశాను. అయ్యయ్యో! ఇప్పుడు మొహమంతా చీకటి. ఆ చీకట్లో ఒక జత కళ్లద్దాలు, ఒక మీసం గాల్లో వేలాడుతూ ఎర్రగా వెలిగిపోతున్నాయి. అటుగా పోతున్న ఆటో ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి అడిగాడు, "మేడం, గీడ కండ్లద్దాల షాపు ఎప్పుడు పెట్టిన్రు?"

ఇంతలో సార్ రానే వచ్చారు, భార్యతో. ఆరింటికి ఫంక్షన్ అంటే ఐదున్నరకే వచ్చే మనిషి ఆయన. నేను చున్నీ రెండు చేతులా చాపి బోర్డుకు అడ్డం నిలబడ్డాను.

"జరుగు బిడ్డా, చూడనీ."

జరిగాను. సార్ చూశారు. భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వారు. "మీసం మంచిగొచ్చింది!" తర్వాత నెమ్మదిగా అడిగారు, "సగం వెలిగే చుక్క లేదా ఇండ్ల?"

"లేదు సార్."

"నా మిషిన్‌ల సగం నల్లటి సిరా ఉండెనా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్‌స్టిట్యూట్ గోడ మీద సార్ వాళ్లమ్మ బొమ్మ ఉండేది. గీసింది కాదు, టైప్ కొట్టింది! ముదురు చోట అక్షరం మీద అక్షరం, లేత చోట ఉత్త చుక్క, ఇంకా లేత చోట ఖాళీ. దగ్గర్నుంచి చూస్తే అక్షరాల గుంపు, దూరం నుంచి చూస్తే తల్లి మొహం. నేర్చుకో బిడ్డా అంటే, మిర్చి బజ్జీలకు లేటవుతుందని మెట్లు దిగి ఉరికేదాన్ని.

"ఒక్క చుక్క మొత్తం వెలిగితే ఆడ వెలుగు జర ఎక్కువైతది కదా? గా ఎక్కువైనంత పక్క చుక్కలల్ల తగ్గియ్యాలె. తక్కువైతే పక్కదానికి కలుపాలె. మిగిలినదాన్ని పారెయ్యొద్దు, ముందటికి పంపాలె" అన్నారు సార్.

మా సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఈ పని చేసే బటన్ ఒకటుంది. దాన్ని నేను ఏనాడూ నొక్కిన పాపాన పోలేదు. కంప్యూటర్ ముందు ఎన్నడూ కూర్చోని మనిషి, ఆ లెక్కంతా వేళ్ల కొసల్లో పెట్టుకుని ఉన్నారు! ఇలాంటాయన దగ్గర చదివి ఏం వెలగబెట్టానా అని సిగ్గేసింది.

"భుజాలు, కోటు ఎందుకు? చుక్కలే తక్కువున్నయి. మొహమొక్కటే కోసుకో."

కోశాను. బటన్ నొక్కాను. బోర్డంతా ఎర్రెర్రటి చుక్కలు! "సార్, మీకు అమ్మవారు పోసినట్టుంది!"

"మొహం ఆనిచ్చి చూస్తే గట్లనే ఉంటది. రోడ్డు దాటి చూడు పో."

సార్ భార్య చెయ్యి పట్టుకుని రోడ్డు దాటి వెనక్కి తిరిగాను. సార్! నుదుటి మీద ముడతలు, బుగ్గల నిండుతనం, పెదవి ఒక పక్కకి లాగే ఆ చిన్న నవ్వుతో సహా. ఆమె చాలాసేపు చూసి, "ఔ, గదే నవ్వు. తప్పు కొట్టిన పిల్లలను చూసి గట్లనే నవ్వుతుండె" అంది.

సభలో సార్ మైకు తీసుకున్నారు. "గేటు కాడ బోర్డు చూసిన్రా? మా సునీత చేసింది." చప్పట్లు! నేను చున్నీ సర్దుకుని లేచి నిలబడ్డాను. "గీ పని నేర్పుతా అంటే అప్పుడు బజ్జీలకు ఉరికింది. ఇయ్యాల నేర్చుకున్నది." హాలంతా గొల్లుమంది. నేను ఎంత దర్జాగా లేచానో అంత మెల్లగా కూర్చున్నాను.

ఆ రోజే సార్‌ను గ్రూపులో చేర్చాం. ఇప్పుడు గ్రూపు ఫోటో ఏంటో తెలుసా? చీకట్లో వేలాడే కళ్లద్దాలు, మీసం! ఆటో ఆగినప్పుడే శోభ ఫోటో తీసి పెట్టుకుందట. దాని కింద సార్ స్వయంగా ఒక లైను కొట్టారు: "తయారు చేసినవారు: సునీత, లోయర్ పాస్." ఒక్క తప్పు లేదు.