ఖాళీ వీధి ఫోటో

ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నవాళ్ళంతా ఇడ్లీకి కూడా నాలుగు ఫోటోలు తీస్తున్నారు. తీయండి, నాకేం పోయింది. మా కాలంలో మాత్రం ఒక రోలుకు పన్నెండే బొమ్మలు. పదమూడోది కావాలంటే దేవుడు దిగివచ్చినా రాదు. అప్పటి నలుపు తెలుపు ఫోటోల్లో మనుషులంతా కర్రల్లా బిగుసుకుని ఉంటారే, అదేదో పాతకాలపు మర్యాద అనుకోకండి. కదిలితే బొమ్మ దండగవుతుందని వాళ్ళకు ముందే భయం పెట్టి ఉంటారు. తిరుపతిలో మా స్టూడియోలో ఆ భయం పెట్టే పని నాది. ఐదో తరగతితో చదువు ముగించి, పందొమ్మిదేళ్ళకే ఫోటోలు తీసే మనిషిని కట్టుకున్న నాకు (కట్టబెట్టారు అనాలి, నన్నెవరు అడిగారు) ఆ పని భలే నచ్చింది. "కదలొద్దు, కన్నార్పొద్దు" అని నేనంటే మీసాల పెద్దమనుషులు కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళు. తరువాత వాళ్ళ ముఖాల మీది మొటిమలను, అమ్మవారు పోసిన మచ్చలను సన్న కుంచెతో, బూడిదరంగు సిరాతో కప్పేదాన్ని కూడా నేనే.

మా మామకు చిత్తూరులో బెల్లం మండీ. ఉన్న ఒక్క కొడుకు మండీలో కూర్చోకుండా చీకటి గదిలో కూర్చోవడం ఆయనకు కంటగింపుగా ఉండేది. ఒకరోజు వచ్చి, "ఒరే, నగరి చీరల షావుకారుకు కేలండరు మీదికి మన తిరుపతి గుడి గాలిగోపురం, దాని ముందర వీధి కావాలంట. శనివారం మధ్యాన్నానికి ఆయన్ని పిలుచుకోని వస్తా. ఆయన మెచ్చితే నీ స్టూడియో నీది. మెచ్చకపోతే సోమవారం బోర్డు దించి మండీకి వచ్చేయ్" అని చెప్పి వెళ్ళాడు. మా ఆయన సంతోషంగా ఒప్పుకున్నాక గానీ షావుకారు షరతు తెలియలేదు. బొమ్మలో ఒక్క మనిషి కూడా ఉండకూడదట. అంతకు ముందు ఏడాది కేలండరులో ఎవడో వీపు గోక్కుంటూ పడ్డాడు. అది షావుకారు బావమరిదేనని నగరి అంతా తేల్చేసింది. ఆ బావమరిది ఏడాది పాటు వాళ్ళ గడప తొక్కలేదు.

తిరుపతిలో మనుషులు లేని వీధి ఎక్కడుంటుంది చెప్పండి. కొండ దిగేవాళ్ళు, కొండెక్కేవాళ్ళు, తెల్లవార్లూ జనమే. మా ఆయన మాత్రం ధైర్యంగా ఉన్నాడు. "పొద్దు పొడవకముందే పోదాంమే. కెమెరా కన్ను అర నిమిషం తెరిచి పెడితే నడిచేవాళ్ళు ఎవురూ పడరు. నిలబడినోళ్ళే పడతారు" అన్నాడు.

"ఇంత లావు మనిషి, పడకుండా యాడికి పోతాడు?" అన్నాను.

"సూస్తావు గదా. నీ పనంతా వాళ్ళను నడిపించడమే."

కొత్త రోలు విప్పుతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. కెమెరాలో ఉన్న రోలులో ఇంకా మూడు బొమ్మలు మిగిలి ఉన్నాయి. "మూడు చాలవా? గోపురమేమన్నా కన్నారుపుతాదా?" అన్నాను. (ఆ మాట ఆయన ముప్పై ఏళ్ళు నాకు అప్పజెప్పాడు.)

శనివారం మసక వెలుతురులో వీధి మధ్య మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టాం. దాన్ని చూడగానే నడుస్తున్న జనం నడవడం మానేశారు. అప్పుడే గుండ్లు కొట్టించుకుని, గంధం పూసుకున్న ఒక ఊరి వాళ్ళు పదిహేను మంది గోపురం ముందు వరుసగా నిలబడి, చేతులు కట్టుకుని, నా వైపు చూశారు. అలా చూస్తే నేనేం చేస్తాను, నా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "కదలొద్దు, కన్నార్పొద్దు" అన్నాను. ఎంత బుద్ధిమంతులో, అర నిమిషం పాటు ఒక్కరు కూడా కదలలేదు. మొదటి బొమ్మలో గాలిగోపురం కింద పదిహేను గుండ్లు, అంగట్లో పేర్చిన బొప్పాయిల్లా.

"మే, నడిపించమంటే నిలబెడతావేందిమే" అన్నాడు మా ఆయన. అంటూనే నవ్వు మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే ఇక ఆగదు. రెండోదానికి నేను అందరినీ కోళ్ళను తోలినట్టు తోలాను. వాళ్ళూ బాగానే నడిచారు, కానీ ఫోటోలో పడాలని గోపురం దాకా పోయి, చుట్టు తిరిగి, మళ్ళీ మళ్ళీ కెమెరా ముందుకే రాసాగారు. ఒక ముసలాయన నాలుగోసారి వచ్చి, "ఇంగా ఎన్ని సుట్లమ్మా?" అని అడిగాడు. ఆ మాటకు మా ఆయన స్టాండు మీదే వాలి నవ్వాడు. స్టాండు ఊగి, రెండో బొమ్మలో గాలిగోపురాలు మూడు పడ్డాయి.

ఇక మిగిలింది ఒక్కటి. తూర్పున ఎర్రబడుతోంది. ఈసారి ఆయన పెదవి కరుచుకుని కెమెరా కన్ను తెరిచాడు. జనం కూడా చక్కగా నడుస్తున్నారు. ఇంతలో భుజాన సంచి తగిలించుకున్న పొడుగాటి మనిషి ఒకడు నేరుగా కెమెరా వైపు వచ్చాడు. నేను పరుగెత్తి అడ్డం నిలబడ్డాను.

"నా ఒక్కడిదే తీయమను తల్లీ. రాయచోటి నుంచి వచ్చినా" అంటాడు. నాకు అటు వైపు నుంచి తొంగి చూస్తాడు, ఇటు వైపు నుంచి తొంగి చూస్తాడు, నా చుట్టూ తిరుగుతాడు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, వేలు ఆడిస్తూ, వాడిని తిట్టడం మొదలుపెట్టాను. నేను ఆపేసరికి కెమెరా కన్ను మూసేసి ఉంది. మా ఆయన స్టాండు పట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు, నవ్వి నవ్వి కళ్ళనిండా నీళ్ళు.

చీకటి గదిలో ఎర్ర బల్బు కింద ట్రేలో కాగితం వేశాం. గోపురం పైకొచ్చింది. వీధి వచ్చింది. మనుషులు లేరు, ఒక్క గుండు కూడా లేదు, రాయచోటి వాడూ లేడు. తుడిచినట్టున్న ఆ వీధి నట్టనడుమ నేనొక్కదాన్నే నిలబడి, గాలితో పోట్లాడుతున్నాను. ఆడించిన వేలు విసనకర్రలా విచ్చుకుంది.

అప్పుడు నాకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం బస్సుకు షావుకారు వస్తాడు. అంతవరకు ఆ స్టూడియోను దండగమారి కొట్టు అని ఎన్నిసార్లు అన్నానో. తీరా బోర్డు దించుతారంటే ఊరుకోలేకపోయాను. "ఎండబెట్టి ఇట్లా తే" అని కుంచె పట్టుకున్నాను. కాళ్ళతో మొదలుపెట్టి, చీర, జడ, ముఖం, నన్ను నేనే రోడ్డులో కలిపేశాను. వేలు ఉన్నచోట రెండు రాళ్ళు వేశాను.

షావుకారు బొమ్మను భూతద్దం పెట్టి వెతికాడు. "నిజంగానే ఒక్కడూ లేడే. తిరుపతిని ఎట్లా ఖాళీ చేసినావప్పా?" అన్నాడు. మా ఆయన నేల చూపులు చూశాడు. మామ మాత్రం వంగి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "నడీదిలో ఈ తడేందిరా?" అన్నాడు.

"పొద్దున్నే కల్లాపి సల్లినారు మామా" అన్నాను.

మామ నా వేళ్ళకున్న సిరా చూశాడు. నన్ను చూశాడు. షావుకారు చేతిలో బొమ్మ పెట్టి పంపించాక, "బెల్లంలో తడి దాచేవాళ్ళను శానామందిని సూసినా అమ్మణ్ణీ. నీ ముందర వాళ్ళంతా పనికిరారు. బోర్డు ఉండనీలే" అని చెప్పి చిత్తూరు బస్సెక్కాడు. ఆ ఏడంతా నగరిలో ఎన్ని గోడల మీద వేలాడానో, నన్ను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

మా ఆయన ఇంకో కాగితం దండగ చేసి, నేనున్న బొమ్మను కూడా ఒకటి దాచుకున్నాడని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. మొన్న మా మనవరాలికి పెట్టెలో అది దొరికింది. "అవ్వా, ఆడ ఎవురూ లేరు గదా, ఎవురిని తిడతా ఉండావు?" అని అడిగింది. రాయచోటి వాడి సంగతి చెప్పాను. ఏమని తిట్టావు అంది. ఎంత ఆలోచించినా ఒక్క మాటా గుర్తు రాలేదు. అడుగుదామంటే, విన్న మనిషి ఇప్పుడు లేడు. మంచి తిట్లే అయ్యుంటాయి. ఆయన రోడ్డు మీద కూర్చుండిపోయాడు కదా.